బజారంతటికీ ఒకే బోణీ

తుపాను ఊడ్చుకుపోయిన బజారు భీమిలి జనం కళ్లముందే మళ్లీ లేచి నిలబడుతోంది. సైంటిస్టు చల్లిన బూడిదరంగు పొడి దానంతటదే నేలమీంచి పాకి గోడైంది, గోడకు గుమ్మం వచ్చింది. ఇడ్లీకొట్టు సింహాద్రమ్మ ముక్కున వేలేసుకుంది.

"ఒక్కో కొట్టూ విడిగా కట్టలేదమ్మా," అంది సైంటిస్టు రజియా. "కొట్టు అనే కాంపొనెంట్, అంటే అచ్చులాంటిది, ఒక్కటే తయారుచేశాను. మీ పేరు, గోడ రంగు పైనుంచి అందిస్తాను. వాటిని ప్రాప్స్ అంటాం. కొట్టు గుర్తుపెట్టుకునేది స్టేట్. అది మారితే చాలు, కొట్టు దానంతటదే మళ్లీ రెండర్ అవుతుంది, అంటే కొత్తగా రూపుకడుతుంది. వీటన్నిటినీ నిలబెట్టే చట్రమే ఫ్రేమ్‌వర్క్."

నిజమే, చినుకు పడగానే చూరు ముందుకు సాగింది. జనం ఎక్కువైతే బల్ల పొడుగైంది. ఎంత చదువు, ఎంత ఓపిక! ఈ పిల్లను కన్న కడుపు చల్లగా ఉండాలని సింహాద్రమ్మ మనసారా అనుకుంది.

కొట్టు ఏం గుర్తుపెట్టుకోవాలని రజియా అడిగితే, అందరూ బోణీ అన్నారు. బోణీ కాగానే గుమ్మం మీద దీపం వెలగాలట. అందరం కలిసే మునిగాం, ఒకరికి బోణీ అయితే అందరికీ అయినట్టే ఉండాలన్నారు. రజియా సరేనని ఆ స్టేట్‌ను కొట్లలోంచి తీసి, వాటన్నిటికీ పైనున్న బజారు కాంపొనెంట్‌లో పెట్టింది.

మర్నాడు పొద్దున్నే మొదటి బేరం రజియాదే. ఇడ్లీ తిని ఊరెళ్లిపోదామని వచ్చింది. సింహాద్రమ్మ ఇడ్లీ పెట్టబోయి ఆగింది. ఈమె చెయ్యి మంచిదో కాదో! తేడా వస్తే బజారంతా దెబ్బతింటుంది, ఆ నింద తన నెత్తికే చుట్టుకుంటుంది. బోణీ పక్క కొట్లో చేసి రమ్మంది. వాళ్లు ఆ పక్క కొట్టుకు పొమ్మన్నారు. రజియా బజారంతా తిరిగి ఖాళీ కడుపుతో మళ్లీ ఇక్కడికే వచ్చింది.

తుపాను తర్వాత వేసిన మొదటి వాయి చల్లారిపోతోంది. ఎవరి స్టేట్ వాళ్లకు విడగొట్టేస్తానంది రజియా, చిటికెలో పనట. ఆమె వాడిపోయిన మొహం చూసి సింహాద్రమ్మకు సిగ్గేసింది.

"ఇంత బజారును లేపిన చెయ్యి నీది. నీ చెయ్యి మంచిది కాకపోతే ఇంకెవరిదమ్మా?" అని ఇడ్లీలు చేతికిచ్చింది.

దీపాలన్నీ ఒక్కసారే వెలిగాయి. ఆరోజు సాగినంత బేరం ఆ బజారు ఎన్నడూ ఎరగదు. మధ్యాహ్నానికే గిన్నెలన్నీ కడిగి బోర్లించారు.

సాయంత్రం బస్సెక్కబోతున్న రజియాను అందరూ కలిసి బస్టాండు దాకా వెళ్లి వెనక్కి తీసుకొచ్చారు. స్టేట్ విడగొడతానని ఆమె ఎంత చెప్పినా వినలేదు. ఇంత మంచి చెయ్యి దొరికాక వేరే బోణీలు ఎందుకన్నారు.

ఎవరి అవసరమూ లేకుండా దానంతటదే నడిచే బజారు కట్టానని పై ఆఫీసుకు రాసిన రజియా, దాన్ని తెరిపించడానికి ఇప్పటికీ రోజూ పొద్దున్నే వచ్చి ఇడ్లీ తింటోంది.