ఎడమ చెవికి పద్దెనిమిది మార్కులు

బ్యాంకు మేనేజరు గారు ఊపిరి బిగబట్టి, పొట్ట లోపలికి పీల్చుకుని, అద్దం ముందు సైనికుడిలా నిలబడ్డారు. నాన్న ఆయన నడుము చుట్టూ టేపు తిప్పాడు కానీ అంకె చూడలేదు.

"మీ అబ్బాయి పరీక్షలు ఎలా రాశాడండీ?" అని తీరిగ్గా అడిగాడు.

కొడుకు మాట ఎత్తితే మేనేజరు గారు ఊరుకోలేరు. నోరు తెరిచారు. తెరవగానే ఊపిరి బయటికి వచ్చింది. దాని వెనకే పొట్టా వచ్చి టేపుకు ఆనుకుంది. నాన్న అప్పుడు అంకె చూసి, స్టూలు మీద కూర్చున్న కూతురి వైపు తిరిగి "నలభై" అన్నాడు. ఆ పిల్ల నవ్వు ఆపుకుంటూ కొలతల పుస్తకంలో నలభై అని రాసింది.

ఆయన వెళ్ళాక నాన్న కిందటిసారి ఏం జరిగిందో చెప్పాడు. అప్పుడు ముప్పై ఏడు అని నమ్మి కుట్టాడట. మేనేజరు గారు ఆఫీసులో కుర్చీలో కూలబడగానే గుండీ ఎగిరి ఎదుటాయన టీ కప్పులో పడిందట.

"మనిషి పొట్టను ఒక్క నిమిషం దాచుకోగలడే. ప్యాంటు రోజంతా దాచలేదు కదా," అన్నాడు నాన్న.

ఆ పిల్లను ఇంట్లో అందరూ పిచ్చుక అంటారు. ఎవరు మాట్లాడినా తల అటూ ఇటూ టక్కున తిప్పి వాళ్ళ పెదవులు చూస్తుంది కాబట్టి ఆ పేరు వచ్చింది. రెండేళ్ళప్పుడు జ్వరం వచ్చి కుడి చెవి పూర్తిగా పోయింది. ఎడమ చెవి సగం పోయి సగం మిగిలింది. దానికి చెవి మిషన్ పెట్టుకుని మాటలు నేర్చింది, బడికి వెళ్ళింది, ఇప్పుడు అయిదో తరగతిలో ఉంది. నాన్న కుట్టు మిషన్‌కు కుడి పక్కన ఉన్న స్టూలు ఆమెది. అక్కడ కూర్చుంటే ఎడమ చెవి నాన్న వైపు ఉంటుంది. ఆ మిషన్ చప్పుడంటే ఆమెకు ప్రాణం.

కానీ ఏడాదిగా ఆ చెవి కూడా మసకబారుతోంది. మొదట కత్తెర కరకర పోయింది. తర్వాత గడియారం పోయింది. మిషన్ చప్పుడు కూడా దుప్పటి కప్పుకుని దూరదూరంగా వెళ్ళిపోతోంది. ఈ సంగతి పిచ్చుక ఎవరికీ చెప్పలేదు. వినపడకపోతే నవ్వి తల ఊపేది. తల ఊపడంలో ఆమెను మించినవాళ్ళు లేరు. ఒకసారి టీచరు ఏదో అడిగితే అలాగే ఊపింది. తీరా చూస్తే పాటల పోటీలో ఆమె పేరే మొదట ఉంది.

వారం కిందట పెద్దాసుపత్రిలో డాక్టరు గారు కాగితం మీద చెవి బొమ్మ గీసి చెప్పారు. చెవి లోపల నత్తగుల్ల లాంటి భాగం ఉంటుందట. అందులోకి సన్నటి తీగ పంపుతారట. బయట ఒక చిన్న పరికరం అయస్కాంతంతో తలకు అంటుకుని ఉంటుందట. అది శబ్దాన్ని పట్టి తీగకు అందిస్తుందట.

"ముందు ఒక చెవికే పెడతాం. ఏ చెవికన్నదే ప్రశ్న," అన్నారాయన.

ఎడమ చెవి ఇంకా పనిచేస్తుంటే దాన్ని అలాగే ఉంచి కుడి చెవికి పెడతారు. ఎడమ చెవి కూడా అలసిపోయి ఉంటే ఎడమదానికే పెట్టడం మంచిది. ఎందుకంటే దానికి మాటలు తెలుసు. కుడి చెవి ఎనిమిదేళ్ళుగా నిద్రపోతోంది, దానికి మాట నేర్పడం చాలా కష్టం. ఇంకో సంగతి కూడా దాచకుండా చెప్పారు. ఏ చెవికి ఆపరేషన్ చేస్తే ఆ చెవిలో మిగిలిన కాస్త వినికిడి కూడా పోవచ్చు.

పిచ్చుక అప్పుడే నిర్ణయించుకుంది. కుడి చెవిలో పోవడానికి ఏమీ లేదు. కాబట్టి దానికే పెట్టాలి. నాన్న మిషన్ ఉన్న ఎడమ చెవి జోలికి ఎవరూ రాకూడదు.

ప్యాంటు కొలత తీసిన రోజు మధ్యాహ్నమే ఎడమ చెవికి పరీక్ష. మేనేజరు గారి కొలత రాసిన చేతితోనే నాన్న వేలు పట్టుకుని ఆసుపత్రికి వెళ్ళింది. గోడలకు మెత్తటి స్పాంజి అంటించిన చిన్న గదిలో టెస్టు అక్క ఎదురుగా కూర్చుంది. నోటికి అడ్డంగా గుండ్రటి గుడ్డతెర పట్టుకుంది. తను ఇరవై మాటలు చెప్తుందట, విన్న మాటను విన్నట్టు తిరిగి చెప్పాలట.

తెర వెనక పెదవులు కనిపించడం లేదు. కానీ అక్క పక్కనే చిన్నపిల్లల బొమ్మలు దాచిన అద్దాల బీరువా ఉంది. ఆ అద్దంలో అక్క ముఖం పక్కనుంచి చక్కగా కనిపిస్తోంది. తెరకు వెనకవైపు, పెదవులతో సహా.

పిచ్చుక ఆలోచించుకుంటున్నట్టు తల కాస్త పక్కకు వాల్చింది. గొడుగు, తాళం, కుర్చీ, ఏనుగు, గడగడా చెప్పేసింది. పాము దగ్గరా బాబు దగ్గరా మాత్రమే తప్పింది. రెండింటికీ మామ అంది. పెదవుల మీద ఆ మూడూ దాదాపు ఒకేలా ఉంటాయి మరి.

"ఇరవైకి పద్దెనిమిది," అంది టెస్టు అక్క. కాసేపు కాగితం వైపే చూసి, తర్వాత నవ్వింది. డాక్టరు గారు కూడా సంతోషించారు. ఎడమ చెవి ఇంత బాగుంటే దాన్ని ముట్టుకోవద్దన్నారు. కుడి చెవికి ఆపరేషన్ రాసి, తారీఖు ఇచ్చారు. పిచ్చుక గంతులేస్తూ ఇంటికొచ్చింది.

ఆ మార్కులు ఇంట్లో అందరికీ పండగైపోయాయి. అమ్మ బస్సు కండక్టరు. చివరి సీటు దాకా వినపడే ఆ గొంతుతో ప్రతి స్టాపులోనూ చెప్పిందట. నానమ్మ దేవుడి పటం ముందు రెండు దీపాలు ఎక్కువ పెట్టింది. అంతకుముందు పిచ్చుకను పిలవాలంటే లైటు ఆర్పి వెలిగించేవాళ్ళు, లేదా దగ్గరికొచ్చి భుజం తట్టేవాళ్ళు. పద్దెనిమిది వచ్చాక నానమ్మ అవన్నీ మానేసింది. వంటింట్లోంచే పిలవడం మొదలుపెట్టింది. పిచ్చుక వెళ్ళకపోతే, పుస్తకంలో పడి ఉందిలే అనుకునేది.

బుధవారం సాయంత్రం మబ్బు పట్టింది. నాన్న దారాలు కొనడానికి వెళ్ళాడు, అమ్మ డ్యూటీలో ఉంది. నానమ్మ ఆరేసిన బట్టలు తేవడానికి మేడ మీదికి వెళ్ళింది. గాలికి తలుపు ధడాలున మూసుకుని, లోపలివైపు గడియ దానంతటది పడిపోయింది.

కింద గదిలో పిచ్చుక కాగితాలు కత్తిరించి పటం అంటిస్తోంది. గంట గడిచింది. వాన వచ్చి వెలిసింది. ఎవరో భుజం తట్టారు. చూస్తే ఎదురింటి లారీ డ్రైవర్ మామయ్య. ఆయన వెనక, తడిసిన బట్టల మూటతో, అంతకంటే ఎక్కువ తడిసిన నానమ్మ.

"మీ నానమ్మ గంట నుంచి నిన్ను పిలుస్తోందట తల్లీ, చేతులూపుతుంటే నేను చూసి వచ్చాను. నువ్వేం చేస్తున్నావు?" అన్నాడాయన.

పిచ్చుక అలవాటుగా తల ఊపబోయింది. ఈసారి తల కదలలేదు.

నానమ్మ ఆమెను తిట్టలేదు. తిడితే బాగుండేది. తల తుడుచుకుంటూ గొంతు పట్టుకుని కూర్చుంది. రాత్రి నాన్న రాగానే తన గొంతు పోయిందని చెప్పింది. పద్దెనిమిది మార్కులొచ్చిన పిల్లకే వినపడలేదంటే ఇంకెవరికి వినపడుతుందని దిగులుపడింది. ఉప్పునీళ్ళు కాచుకుని పుక్కిలించడం మొదలుపెట్టింది.

పిచ్చుక పక్కన చేరి, వాన పడుతున్నప్పుడు ఏం చేశావని అడిగింది.

"దేవుణ్ణి పిలిచాను. ఆయన విన్నాడులే, ఎదురింటి అబ్బాయిని పంపాడు."

"దేవుడికి కూడా ఒక్కోసారి వినపడదా నానమ్మా? వినపడకపోయినా తల ఊపేస్తాడా?"

నానమ్మ మనవరాలి ముఖంలోకి చూసింది. "ఏమోనే, నాకూ ఒక్కోసారి ఆ అనుమానం వస్తుంది," అని మళ్ళీ గ్లాసు ఎత్తింది.

మూడు రోజులు ఇంట్లో ఉప్పునీళ్ళ పుక్కిలింతే. నానమ్మ పాట పాడటం మానేసింది. పక్కింటామెతో మాట్లాడటం కూడా తగ్గించింది. గొంతు ఎలా ఉందో చూపించుకుంటానని డాక్టరు చీటీ కూడా తెప్పించుకుంది. పిచ్చుకకు అన్నం సయించలేదు. అబద్ధం చెప్పింది తను. అనుమానం మాత్రం నానమ్మకు తన గొంతు మీద వచ్చింది.

శనివారం పొద్దున మేనేజరు గారు నలభై కొలత ప్యాంటు వేసుకుని చూసుకున్నారు. హాయిగా కూర్చున్నారు, లేచారు, కూర్చున్నారు. ఆయన మెట్లు దిగగానే పిచ్చుక నాన్న ముందుకొచ్చి నిలబడింది.

"నాన్నా, కొలత తీసేటప్పుడు నేను కూడా పొట్ట లోపలికి పీల్చాను."

నాన్న ఆమె పొట్ట వైపు చూశాడు. అక్కడ పీల్చడానికి ఏమీ లేదు. అప్పుడు పిచ్చుక అద్దాల బీరువా సంగతి మొదటినుంచి చివరిదాకా చెప్పింది. నాన్న మిషన్ ఆపేశాడు.

"ఎందుకు చేశావమ్మా?"

"ఆపరేషన్ చేస్తే నీ మిషన్ చప్పుడు పోతుంది."

నాన్న తన పెదవులు ఆమెకు కనిపించేలా తిరిగాడు. స్టూలు చూపించి కళ్ళు మూసుకుని కూర్చోమన్నాడు. తను తొక్కుతానని, వినపడితే చెప్పమని అన్నాడు. పిచ్చుక కూర్చుని కళ్ళు మూసుకుంది. మిషన్ కదిలిన సంగతి వెంటనే తెలిసింది. తల ఊపబోయి ఆగింది. ఎక్కడినుంచి తెలిసిందా అని వెతికింది. నెమ్మదిగా రెండు పాదాలూ నేల మీదనుంచి ఎత్తింది.

అంతా నిశ్శబ్దం.

కళ్ళు తెరిచింది. నాన్న కాళ్ళు ఇంకా తొక్కుతూనే ఉన్నాయి.

"వినపడట్లేదు నాన్నా," అంది. "కాళ్ళకు తెలుస్తోంది. చెవిలో లేదు."

తన నోట ఆ మాట రావడం పిచ్చుకకే కొత్తగా ఉంది. నాన్న తల నిమిరాడు. కాళ్ళకు తెలిసేదాన్ని ఏ డాక్టరూ తీసుకోలేడన్నాడు. తర్వాత చేతిలో ఉన్న ప్యాంటు పక్కన పెట్టి చెప్పులు వేసుకున్నాడు.

"పద. కొలత మళ్ళీ తీయించుకుందాం."

నానమ్మకు ముందే చెప్పాలంది పిచ్చుక. వెళ్ళి, నీ గొంతు బాగానే ఉంది, నా చెవే బాగాలేదు అని చెప్పింది. నానమ్మ నోట్లో నీళ్ళు అలాగే పెట్టుకుని మొత్తం విని, ఉమ్మేసి, "మూడు రోజులు గొంతు నానబెట్టించావు కదే, నీ చెవి బంగారం కాను," అంది. తర్వాత దగ్గరికి లాక్కుని ఆ ఎడమ చెవి మీద ముద్దు పెట్టుకుంది.

స్పాంజి గోడల గదిలో టెస్టు అక్క తెర అందుకోబోయింది. పిచ్చుక ఆగమని చెయ్యి చూపి, నాన్న దుకాణం నుంచి తెచ్చిన నల్లగుడ్డ ముక్క సంచిలోంచి తీసింది. బీరువా అద్దం నిండా పరిచి, పైన చివర్లు తలుపు సందులో ఇరికించింది. అక్క గుడ్డ వైపు చూసింది, పిచ్చుక వైపు చూసింది.

"పాము, బాబు రెండూ మామ ఎలా అయ్యాయా అని ఆరోజే అనుకున్నాను," అంది. "అడిగి ఉండాల్సింది. అందరూ అంత సంతోషంగా ఉంటే అడగలేకపోయాను."

మొదటి మాటకు పిచ్చుక చెవి రిక్కించింది. ఏదో మసక చప్పుడు. "వినపడలేదు," అంది. రెండో మాటకూ అదే. మూడోది వినపడింది, తాళం. తర్వాత మళ్ళీ వినపడలేదు, వినపడలేదు. ఆ మాట మొదట గొంతులో ముల్లులా ఉంది. పదోసారికి మామూలు మాటైపోయింది. ఇరవైకి నాలుగు వచ్చాయి. నాన్న ఆ అంకెను కొలత రాసుకున్నట్టే తన చిన్న పుస్తకంలో రాసుకున్నాడు.

డాక్టరు గారు పాత కాగితం కొట్టేసి కొత్తది రాశారు. ఈ చెవికి మాటలు తెలుసు, దారి మూసుకుపోయిందంతే, మనం కొత్త దారి వేద్దాం అన్నారు. మొదట్లో చప్పుళ్ళు విచిత్రంగా ఉంటాయని, నెలల తరబడి సాధన చేయాలని కూడా చెప్పారు. సాధన అంటే నాకు భయం లేదంది పిచ్చుక. పాటల పోటీ కోసం నెల రోజులు చేసిందట. బహుమతి మాత్రం రాలేదట.

ఆపరేషన్ రోజు పొద్దున పచ్చ గౌను వేసుకుని మంచం మీద కూర్చుంది. నర్సు ఒకామె చేతిలో కాగితం, స్కెచ్ పెన్నుతో వచ్చింది. ముఖానికి మాస్కు ఉంది. కళ్ళు నవ్వుతున్నాయి. మాస్కు కదిలింది, ఏదో అడిగినట్టుంది. అడిగి, పెన్ను మూత తీసి, జవాబు కోసం చూస్తోంది.

పక్కన అమ్మ జవాబు చెప్పబోయింది. పిచ్చుక అమ్మ చెయ్యి నొక్కి ఆపింది.

"నాకు వినపడలేదు సిస్టర్," అంది గట్టిగా. "మాస్కు కిందికి దించి మళ్ళీ అడగండి."

నర్సు రెండడుగులు వెనక్కి వేసి మాస్కు దించింది. "ఏ చెవికమ్మా?" అని పెదవులు స్పష్టంగా కదిపి అడిగింది.

పిచ్చుక జుట్టు పక్కకు తీసి ఎడమ చెవి ముందుకు పెట్టింది. నర్సు చెవి కింద మెడ మీద చిన్న బాణం గుర్తు వేసింది.

"సరిగ్గా ఇక్కడేనా?"

"అక్కడే," అంది పిచ్చుక. "రెండుసార్లు కొలిచాం."