గుడ్డ కప్పని పటం

మా దీవిలో చావింట్లో అద్దమన్నదల్లా తెల్లగుడ్డతో కప్పేస్తారు. లేకపోతే పోయినవాళ్ళ ప్రాణం అందులో చిక్కుకుపోతుందని భయం. అమ్మ పోయిన సాయంత్రం మా బాల్బినా పిన్ని ఏడుస్తూనే ఆ పని మొదలుపెట్టింది. నిలువుటద్దం కప్పింది, బీరువా అద్దం కప్పింది. ఆ ఊపులోనే ముందుగదిలో గాజు పటంలో ఉన్న, మా దీవినేలే జనరల్ గారినీ కప్పేసింది.

చూసేసరికి నా పైప్రాణాలు పైనే పోయాయి. ఇంటింటా ఉండి తీరాల్సిన పటం అది. దానికి గుడ్డ కప్పడమంటే ఆయన చచ్చాడని చాటింపు వెయ్యడమే.

"తీసెయ్ పిన్నీ!"

"మీ అమ్మ అందులో ఇరుక్కుపోతుందే..."

"తియ్యకపోతే మనం జైల్లో ఇరుక్కుపోతాం!"

అప్పటికే గుమ్మంలో ఎవరిస్తో అనేవాడు నిలబడి ఉన్నాడు. మా వీధికి జనరల్ గారి వేగు. మా తమ్ముడు రెమీహియోని జీపెక్కించి తీసుకుపోయింది అతనే. ఆనాటి నుంచి అమ్మ రోజూ దగ్గుకుంటూ ఆ పటం ముందు నిలబడి ఒకే ఒక్క మాట అడిగేది. "మావాడు అన్నం తిన్నాడా అయ్యా?"

"ఏమ్మా బాల్బినా, జనరల్ గారికి చలేస్తోందా?" అన్నాడు ఎవరిస్తో నవ్వుతూ.

నేనే గుడ్డ లాగేశాను. మనసులో అమ్మకి దణ్ణం పెట్టుకున్నాను.

అతను కుర్చీ లాక్కుని సరిగ్గా పటం కిందే కూర్చున్నాడు. ఇరుగుపొరుగంతా వచ్చారు. వచ్చినవాళ్ళకి కాచిన అల్లం కషాయం వాసన, కొవ్వొత్తుల వాసన, బయట సముద్రం హోరు.

దగ్గు వినిపించింది. పొడిదగ్గు.

"ఎవరది?" అన్నాడు ఎవరిస్తో.

"నేనే," అన్నాను, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

మళ్ళీ దగ్గు... నా నోరు మూసే ఉంది. అందరికీ వినిపించింది. అందరూ శవపేటిక వైపే చూస్తున్నారు. పటం వైపు తలెత్తే ధైర్యం ఎవరికీ లేదు.

"మావాడు... అన్నం తిన్నాడా... అయ్యా?"

గొంతు జనరల్‌ది. రోజూ రేడియోలో వినే గొంతే. ఆ అడిగే తీరు మాత్రం అమ్మది.

ఎవరిస్తో లేచాడు. టోపీ తీసి పటం వైపు తిరిగాడు. జనరల్ గారు అడిగితే జవాబు చెప్పకుండా ఉండటం అతనికి ఈ జన్మలో చేతకాదు.

"తినలేదు జనరల్ గారూ..." అన్నాడు గుసగుసగా. "వంటయ్యేలోపే... అయిపోయాడు."

పిన్ని నా చెయ్యి పట్టుకుంది.

అప్పుడు పక్కింట్లోంచి దగ్గు వినిపించింది. ఆ ఇంటివాళ్ళంతా మా ముందుగదిలోనే కూర్చుని ఉన్నారు. అక్కడ మిగిలింది గోడ మీది జనరల్ గారి పటమొక్కటే.

తర్వాత ఎదురింట్లోంచి...