మూడుసార్లు లాగిన తాళం

మన్యంలోని డుంబ్రిగుడ దిగువన, గెడ్డ అనే కొండవాగు ఒడ్డున ఉన్న ధర్మాసుపత్రి వైపు చీకటి పడ్డాక ఎవరూ వెళ్ళేవారు కాదు. పంతొమ్మిది వందల ఇరవై ఏడు నాటి మాట. నేను చూసింది కాదు, విన్నది విన్నట్టు చెబుతున్నాను.

అర్ధరాత్రి ఒక దీపం గెడ్డ దాటి వచ్చేది... ఆసుపత్రి తలుపు దగ్గర ఆగేది... తాళం చప్పుడయ్యేది — టక్... టక్... టక్. దీపం వెనక్కి పోయేది. కాసేపటికి మళ్ళీ వచ్చేది.

కిందటేడు చలిజ్వరంతో పోయిన మనిషి దెయ్యమై మందు కోసం తిరుగుతోందన్నారు. పగలు కూడా రోగులు రావడం మానేశారు. అసలే జ్వరాల కాలం. ఇలాగే ఉంటే ఆసుపత్రి ఎత్తేస్తామని పైనుంచి కాగితం వచ్చింది.

దెయ్యాలు వదిలించే గురుమాయి సుక్రుని ఊరు పిలిచింది. కోడిని చంకన పెట్టుకుని అతను గుమ్మం పక్క పొదలో కూర్చున్నాడు. దీపం వచ్చింది... పోయింది. రెండోసారి వచ్చినప్పుడు సుక్రు కోడి ముక్కు నొక్కిపట్టి, మెల్లగా అడిగాడు —

"ఏటి బాబూ... దెయ్యం మీరేనా?"

గెడ్డ అవతల కాపురముండే ఆసుపత్రి కాంపౌండరు సర్వేశ్వరరావు లాంతరు కింద పెట్టాడు.

"తాళం వేశానని తెలుసు సుక్రూ. ఇంటికి చేరేసరికి తెలీదు. లోపల విషం సీసాలున్నాయి... ఎవరి బిడ్డైనా..." గొంతు తగ్గించాడు. "పైవాళ్ళకి తెలిస్తే పిచ్చాసుపత్రికి పంపేస్తారు."

మర్నాడు సుక్రు ఊళ్ళో చెప్పాడు. "అది మందుకి కాపలా. విషం కలవకుండా రేతిరంతా సూసుకుంటంది. తరమకూడదు."

జనం రావడం మొదలుపెట్టారు. సుక్రు మాత్రం రోజూ రాత్రి కాంపౌండరు ఇంటి గుమ్మంలోనే కూర్చునేవాడు, తాళంచెవి తన మొలకి కట్టుకుని. మొదట్లో ఆగలేకపోయినా, ఒక రాత్రి సర్వేశ్వరరావు గెడ్డ దాటలేదు. ఎన్నో ఏళ్ళ తర్వాత తెల్లారేదాకా నిద్రపోయాడు.

పొద్దున్నే, ఆసుపత్రి పక్క పాకలో ఉండే ముత్యాలమ్మ ఒళ్ళు కాలిపోతున్న కూతుర్ని ఎత్తుకొచ్చి ఆసుపత్రి అరుగు మీద కూర్చుంది. క్వినైను గ్లాసు చూడగానే తన చేత్తో పిల్ల నోటికి అడ్డం పెట్టింది.

"రేతిరి దీపం రాలేదు బాబూ. సూడని మందు మా గుంటకి పొయ్యను."

ఆయన బతిమాలాడు. ఆవిడ కదల్లేదు. పిల్ల వణుకుతోంది.

సర్వేశ్వరరావు పట్టపగలు లాంతరు వెలిగించాడు. తలుపు మూసి, తాళం వేసి, లాగాడు. టక్... టక్... టక్.

ముత్యాలమ్మ ఆ చప్పుడు వింది. ఆయన మొహంలోకి చాలాసేపు చూసింది. చెయ్యి తీసేసింది. పిల్ల మందు మింగింది.

వెళ్తూ వెళ్తూ మెట్టు మీద ఆగింది.

"మూడోది కాస్త నెమ్మదిగా లాగండి బాబూ... రేతిరిపూట మా గుంట ఉలిక్కిపడి లేస్తంది."