సాకురా బాడీలో బూట్లు బయటే

"ఉప్పాడలో గోరింటాకు రంగు ఉందాండీ?"

"నిన్ననే అయిపోయిందమ్మా. గంధం రంగు చూపించమంటారా?"

"గంధం మా ఆడపడుచుకి పడదు."

కోడ్ సరిపోయింది. గోల్‌బజార్ బట్టల కొట్టు యజమాని నగరేశ్వరరావు కళ్లజోడు పైకి తోసుకుని, ట్రయల్ రూమ్ వైపు గడ్డం ఆడించాడు. ఢిల్లీలో బోర్డు లేని ఒక ఆఫీసుకి ఖరగ్‌పూర్ చీఫ్ ఆయన.

ఏజెంట్ వాసంతి లోపలికి వెళ్లి అద్దం కుడి మూల నొక్కింది. అద్దం తలుపులా తెరుచుకుంది. వెనక ఒక బల్ల, రెండు స్టూళ్లు, తిరగాలా వద్దా అని ఆలోచిస్తున్న ఫ్యాను. ఆమెకి నలభై తొమ్మిదేళ్లు. రైల్వే కాలనీ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో అందరూ ఆమెను రైల్వే ఆఫీసు సూపరింటెండెంట్ సోమేశ్వరరావు గారి భార్యగానే ఎరుగుదురు. పన్నెండేళ్లలో ఆరు మిషన్లు పూర్తి చేసింది. ఆరుసార్లూ ఆయనకి లలితా పారాయణానికి వెళుతున్నాననే చెప్పింది. ఇంత భక్తురాలు దొరకడం పూర్వజన్మ సుకృతమని ఆయన నమ్మకం.

నగరేశ్వరరావు ఒక ఫోటో బల్ల మీద పెట్టాడు. "వోల్కర్. పాస్‌పోర్టులు నాలుగు, పేర్లు అయిదు. పది రోజులుగా మన ఊళ్లోనే మలంచా పేటలో దిగి ఉన్నాడు. రేపు మధ్యాహ్నం హౌరా బండెక్కుతాడు. గరుడ చిప్ వీడి కోసమే మాయమైంది."

గరుడ అంటే ఏమిటో వాసంతికి చెప్పక్కర్లేదు. ఒకే పట్టాల మీద రెండు ఇంజన్లు ఎదురైతే డ్రైవర్ కంటే ముందు బ్రేకు వేసే చిప్. గోరంత ఉంటుంది. దాన్ని తయారుచేసిన టీమ్‌లో ఆమె చెల్లెలి కూతురు హేమశ్రీ ఉంది. మంగళవారం లాబ్ బీరువాలోంచి చిప్ పోయింది. రిజిస్టర్‌లో చివరి సంతకం హేమశ్రీది.

"శనివారం పొద్దున్న ఆ పిల్లని అరెస్టు చేస్తారు," అన్నాడు నగరేశ్వరరావు. "నానేటి చెయ్యగలనమ్మా. కాగితాలన్నీ ఆ పిల్ల మీదే చూపిస్తున్నాయి."

"చూపించినవాడిని పట్టుకుందాం. నా కవర్ ఏటి? నర్సా, టీచరా?"

"అది చెప్పడానికే పిలిచినాను." ఆయన ఫ్యాను వైపు చూస్తూ ఒక కాగితం తీశాడు. "పిల్ల నీ సొంత మనిషి. అందుకని నిన్ను తప్పించినారు. ఆర్డరు చదువుతాను, నీ కోడ్ పేరుతోనే ఉంది. ఏజెంట్ ఆవపిండి ఈ కేసు ముగిసేదాకా ఇంట్లోనే ఉండవలెను."

"ఇంట్లోనే."

"ఇంట్లోనే అమ్మా."

"సరే. వాడు దిగింది హోటల్లోనా?"

"కాదు, సాకురా బాడీ అని..." నగరేశ్వరరావు నాలుక కరుచుకున్నాడు. కానీ వాసంతి అలా చూస్తూ ఉంటే అసలు ధర చెప్పని కొట్టువాళ్లు కూడా నోరు విప్పుతారు. ఆయన మిగతాదీ చెప్పేశాడు. బాడీ అంటే బెంగాలీలో ఇల్లు. జపాన్‌లో ఇరవయ్యేళ్లు పాఠాలు చెప్పి వచ్చిన ఒక బెంగాలీ ప్రొఫెసర్ అచ్చం అక్కడి పద్ధతిలో ఇల్లు కట్టించాడు. ఆన్‌లైన్‌లో యాత్రికులకి గదులు ఇస్తాడు. తను కలకత్తాలో ఉంటాడు. ఇల్లు చూసుకునేది మిచికో అనే జపాన్ మేనేజరు.

వాసంతి లేచి చీర కుచ్చిళ్లు సర్దుకుంది. ఆ సాయంత్రం ఆరింటికి సాకురా బాడీలో రెండో గది బుక్ అయింది. శ్రీమతి కులకర్ణి, పుణె, సోలో ట్రావెలర్. సోమేశ్వరరావు గారికి మాత్రం రాత్రంతా లలితా పారాయణం.

పుట్టి పెరిగిన ఊరికి టూరిస్టుగా రావడం అనుకున్నంత తేలిక కాదు. పొట్టి విగ్గు, నల్ల కళ్లద్దాలు, చక్రాల సూట్‌కేసు వేసుకుని ఆటో దిగితే, తనకి బాగా తెలిసిన మందుల కొట్టు దాదాని దారి అడగాల్సి వచ్చింది. ఆయన తప్పు దారి చెప్పాడు. తప్పని తెలిసీ ఆమె ఆ దారినే నాలుగడుగులు వెళ్లి తిరిగి రావలసి వచ్చింది. గూఢచారి జీవితంలో కష్టాలు ఇలాంటివే.

గుమ్మంలో మిచికో వంగి నమస్కరించింది. వెన్నెల రంగు కిమోనో, కొనదేలిన కళ్లు, మంచి గాజు గిన్నె మీద చెంచా తగిలినట్టుండే గొంతు. పెళ్లిపందిట్లో అడుగుపెడితే పెళ్లికూతురి పక్క వాళ్లు కంగారుపడే రకం అందం. వాసంతి విప్పిన బూట్లను మోకాళ్ల మీద కూర్చుని అందుకుని, ముక్కులు వీధి వైపు తిప్పి, వరసలో పెట్టింది.

గోడకి పదిహేడు రూల్స్ లామినేట్ చేసి వేలాడదీశారు. బూట్లు గుమ్మంలోనే విప్పాలి. చాపల మీదికి సూట్‌కేసు చక్రాలు రాకూడదు. టాయ్‌లెట్ చెప్పులు టాయ్‌లెట్ దాటకూడదు. తొట్టిలో దిగేముందు ఒళ్లు తోముకోవాలి. చెత్త నాలుగు సంచుల్లో విడదీయాలి. వాసంతి అన్నీ చదివింది. ఇవే ఆచారాలు వాళ్ల అత్తగారు లామినేషన్ లేకుండా నోటితోనే ముప్పై ఏళ్లు అమలు చేసింది.

మొదటి గదిలో వోల్కర్. ఆరడుగుల మనిషి, పిల్లిలా నడక. పది రోజుల్లో ఒక్క రూలు కూడా తప్పలేదట. టాయ్‌లెట్‌కి వెళ్లినప్పుడల్లా చెప్పులు మార్చుకుంటూ, భోజనానికి ముందు చేతులు జోడిస్తూ, పరమ బుద్ధిమంతుడిలా ఉన్నాడు. దొంగలకి ఉండే క్రమశిక్షణ దొరలకి ఉండదు.

శుక్రవారం పొద్దున్న అతను వేడినీళ్ల తొట్టిలో దిగగానే వాసంతి అతని గదిలోకి వెళ్లింది. చేతిలో పోపుల పెట్టె. జీలకర్ర గిన్నె అడుగున స్కానర్, మెంతుల గిన్నెలో కెమెరా, ఆవాల గిన్నెలో ఆవాలు. సూట్‌కేసు, బొంత, టీ డబ్బా అన్నీ స్కాన్ చేసింది. జీలకర్ర కిక్కురుమనలేదు. చిప్ గదిలో లేదు. ఊరికే వెనక్కి రావడమెందుకని సూట్‌కేసు పొరలో ఉన్న నాలుగు పాస్‌పోర్టుల్లో ఒకటి తీసి పోపుల పెట్టె అడుగున పెట్టుకుంది. ఇంటికొచ్చిన చుట్టం చెప్పకుండా వెళ్లిపోకూడదంటే గొడుగు దాచాలి. అదీ అత్తగారి పద్ధతే.

పదకొండింటికి వీధిలో కూరల బండి ఆగింది. బండి చిలకమ్మది. సెటిల్‌మెంట్‌లో రైల్వే క్వార్టర్ల లైన్లన్నీ తిరిగి మలంచా మీదుగా ఇంటికి పోతుంది. వాసంతి కళ్లద్దాలు సర్దుకుని బెండకాయలు ఏరడం మొదలుపెట్టింది.

"ఏటి పిన్నీ," అంది చిలకమ్మ. "ఈ జుత్తేటి, సవరం తిరగేసి ఎట్టినావా?"

"మై కులకర్ణి హూఁ."

"కులకర్ణమ్మలు బెండకాయ కొన తుంచి సూస్తారేటి? నువ్వు తుంచిన కాయలు నాను ఇరవై ఏళ్లుగా ఇంటికి మోసుకుపోయి వొండుకుంటన్నాను."

వాసంతి గొంతు తగ్గించింది. "చిలకమ్మా, మా హేమ మీద దొంగతనం కట్టినారు. కట్టించినవాడు ఈ ఇంట్లో ఉన్నాడు. మధ్యాహ్నం ఆటో వస్తుంది. నీ బండి గేటుకి అడ్డంగా పెట్టు. నేను చెప్పేదాకా తియ్యకు."

చిలకమ్మ బండి తిప్పింది. "సెక్రం ఇరిగిపోనాదని సెప్తాను. తవరు తుంచినవి తవరే తీసుకోండి కులకర్ణమ్మ గారూ."

వంటిల్లు అందరికీ ఒకటే. ఒక పొయ్యి మీద వాసంతి బెండకాయ వేపుడు, రెండో పొయ్యి మీద మిచికో అన్నం. ఇద్దరి మధ్యా మర్యాదగా చిరునవ్వులు. చిప్ ఎక్కడ దాచి ఉంటారా అని వాసంతి బుర్ర గిరగిరా తిరుగుతోంది. ఇంకాసేపట్లో వోల్కర్ వెళ్లిపోతాడు.

అప్పుడు వర్క్‌షాప్ సైరన్ మోగింది.

ఖరగ్‌పూర్ రైల్వే ఇళ్లలో ఆడపిల్లలకి గడియారం చూడడం రాకముందే వచ్చే విద్య ఒకటుంది. మధ్యాహ్నం సైరన్ మోగితే అన్నం వార్చాలి, కంచాలు పెట్టాలి. పది నిమిషాల్లో నాన్న సైకిల్ గుమ్మంలో ఉంటుంది. వాసంతి చెయ్యి దానంతట అదే పైఅర మీది కంచాలకి వెళ్లింది. మిచికో చేతులు గుడ్డ పట్టుకుని, గిన్నె మీద మూత నొక్కి, గంజి వార్చేశాయి.

జపాన్ వాళ్లు గంజి వార్చరు. పుణె వాళ్లు సైరన్‌కి కంచాలు తియ్యరు. ఆ రెండు సంగతులూ ఇద్దరికీ ఒకేసారి తట్టాయి.

మిచికో నడుము పట్టులోంచి సన్నటి పిస్తోలు బయటికొచ్చింది. వాసంతి చేతిలో కాగుతున్న నూనె గరిటె ఉంది.

"ఏ లైను?" అని తెలుగులో అడిగింది వాసంతి.

పిస్తోలు దించకుండానే మిచికో కూడా తెలుగులోనే జవాబిచ్చింది. "ఏడో లైను. సూసన్న గారి డయానాని."

"మీ అమ్మది కాలింపాంగ్ కొండల వైపు కదూ. అందుకే ఆ మొహం సరిపోయింది. ఎవరి పని చేస్తున్నావు?"

"ఇద్దరిదీ ఆంటీ. వోల్కర్ కబుర్లు ఢిల్లీకి, ఢిల్లీ కబుర్లు వోల్కర్‌కి."

"ఇద్దరికీ వడ్డించినా చిప్ ఒకటే కదమ్మా. ఎవరి కంచంలో వేసినావు?"

డయానా చూపు వోల్కర్ గది వైపు వెళ్లింది.

"హేమ దొంగ కాదని నీకు తెలుసా?"

"తెలుసు. తెచ్చిచ్చినోడు ఆమె పైఆఫీసరు. వీడియో తీసినాను."

"తీసి ఊరుకున్నావు." వాసంతి పొయ్యి ఆపింది, గరిటె మాత్రం దించలేదు. "మీ నాన్న నడిపే ఇంజన్‌కి ఎదురుగా ఇంకోటి అదే పట్టాల మీదికి వచ్చిన రోజు నేను ఆసుపత్రిలోనే ఉన్నాను. మీ నాన్న కాళ్లు పోయినాయి. తప్పు సూసన్నదే అని లైనంతా అంది. మీ అమ్మ ఒక్కతే కాదంటూ గుమ్మం గుమ్మం తిరిగింది. ఆ రోజు ఆ గోరంత ముక్క ఉండుంటే ఆయన నడిచి ఇంటికొచ్చేవాడు. దాన్ని చేసిన పిల్లని రేపు ఊరంతా దొంగంటుంది. మీ అమ్మలాగ తిరగడానికి నేనున్నాను. కాల్చాలంటే కాల్చు. కాల్చకపోతే మాత్రం చిప్ ఇక్కడ పెట్టు."

పక్కగదిలో సూట్‌కేసు జిప్ మూసిన చప్పుడు. పిస్తోలు మెల్లగా కిందికి దిగింది.

"నా దగ్గర లేదు ఆంటీ. బూటులో ఉంది. కుడికాలిది, అట్ట కింద. రోజూ గుమ్మంలో బూట్లు తిప్పిపెట్టేదాన్ని నేనే కదా. ఎవరికీ అనుమానం రాదు."

అప్పటికే వోల్కర్ గుమ్మంలో లేసులు కట్టుకుంటున్నాడు. వాళ్లు హాల్లోకి వచ్చేసరికి గేటు దాకా వెళ్లిపోయాడు. గేటవతల ఆటో డ్రైవర్ అరుస్తున్నాడు, "ఓ దీదీ, గాడీ హటావ్." చిలకమ్మ చక్రం దగ్గర చతికిలబడి, "ఇరిగిపోనాది దాదా, టూట్ గయా," అని తీరిగ్గా చెబుతోంది. వోల్కర్ సూట్‌కేసు కింద పెట్టి, బండిని తనే పక్కకి నెట్టడానికి చేతులు వేశాడు.

వాసంతి పోపుల పెట్టె అడుగునుంచి పాస్‌పోర్టు తీసి హాలు చివర చాప మీదికి విసిరింది. "పిలువు," అంది.

డయానా గుమ్మంలో నిలబడి నడుము వంచింది. గాజుగిన్నె గొంతు మళ్లీ వచ్చేసింది. "వోల్కర్ సాన్. యువర్ పాస్‌పోర్ట్." రెండు చేతులతో లోపలికి చూపించింది కానీ తెచ్చివ్వలేదు.

వోల్కర్ పాస్‌పోర్టులు నాలుగూ లెక్కపెట్టుకునే మనిషి. మొహంలో రంగు మారింది. గబగబా మెట్లెక్కాడు. ఆరడుగుల అవతల పాస్‌పోర్టు, చాపల మీద. ఒక్క క్షణం ఆగాడు. పది రోజులుగా, రోజుకి నాలుగుసార్లు చేసిన పనినే అతని చేతులు చేశాయి. వంగి, లేసులు లాగి, బూట్లు విప్పి గుమ్మంలో వదిలి లోపలికి నడిచాడు.

ఒకటి. రెండు. మూడో అడుగులో అతని వీపు బిగుసుకుంది. గిర్రున వెనక్కి తిరిగాడు.

బూట్లు వీధి వైపు ముక్కులు పెట్టుకుని వరసలో ఉన్నాయి. మిచికో వాటి పక్కన మోకాళ్ల మీద కూర్చుని తల వంచుకుని ఉంది. శ్రీమతి కులకర్ణి గోడ దగ్గర నిలబడి ఏడో రూలు చదువుకుంటోంది.

వోల్కర్ పాస్‌పోర్టు తీసుకున్నాడు. కుడి బూటులో కాలు పెట్టి, వేళ్లతో తడిమి చూసుకున్నాడు. అట్ట కింద గోరంత గట్టి ముక్క తగిలింది. తేలిగ్గా ఊపిరి వదిలి, వంగి నమస్కరించాడు. చిలకమ్మ చక్రం హఠాత్తుగా బాగుపడింది.

ఆటో మలుపు తిరిగాక వాసంతి గుప్పిట విప్పింది. గరుడ చిప్. అట్ట కింద డయానా మార్చి పెట్టింది పోపుల పెట్టెలోని సగం చింతపిక్క.

డయానా వీడియోని అక్కడికక్కడే ఢిల్లీకి పంపింది, నగరేశ్వరరావుకీ పంపింది. ప్లాట్‌ఫారం మీద వోల్కర్‌ని ఇద్దరు టికెట్ కలెక్టర్లు ఆపారు. వాళ్లు టికెట్ అడగలేదు, బూట్లు విప్పమన్నారు.

"ఇప్పుడు నాకేటవుతుంది ఆంటీ?" అడిగింది డయానా.

"ఢిల్లీ వాళ్లు అడిగితే అన్నీ చెప్పు. ఈలోగా ఆ అన్నం డబ్బాలో పెట్టుకుని ఏడో లైనుకి పద. బెండకాయ కూడా పట్టుకెళ్లు. సైరన్ మోగినాక మీ నాన్న ఆగలేడు."

"పదకొండేళ్లయింది నేను ఆ గుమ్మం తొక్కి."

"అయితే ఆకలి మీద ఉంటాడు."

శనివారం పొద్దున్న హేమశ్రీ ఇంటికి పోలీసులు వెళ్లలేదు. ఆమె పైఆఫీసరింటికి వెళ్లారు. తొమ్మిదింటికి వాసంతి ఫోను మోగింది.

"ఢిల్లీ సంజాయిషీ అడుగుతోందమ్మా," అన్నాడు నగరేశ్వరరావు నీరసంగా. "ఇంట్లోనే ఉండమని రాతపూర్వకంగా ఆర్డరిచ్చినాం."

"ఇంట్లోనే ఉన్నానని రాయండి. ఎవరింట్లోనో ఆర్డర్లో లేదు. ఈసారి రూల్స్ వివరంగా రాయమనండి, నమూనాకి సాకురా బాడీ గోడ మీది పదిహేడూ పంపిస్తాను."

ఆయన ఫోను పెట్టేశాక ఇంకో మెసేజి వచ్చింది. మీ బస ఎలా ఉంది, సాకురా బాడీకి రివ్యూ రాయండి అని. పక్కన సోమేశ్వరరావు గారు పేపరు చదువుతూ, పారాయణం బాగా జరిగిందా అని అడిగారు. బాగా జరిగిందని చెప్పి, శ్రీమతి కులకర్ణి పేరు మీద అయిదు నక్షత్రాలూ నొక్కి, కింద ఇలా టైపు చేసింది: "ఇల్లు శుభ్రం, మనుషులు మర్యాదస్తులు. బయల్దేరేముందు బూట్లు మాత్రం ఒకసారి దులుపుకోండి."