కాలిన రాయి

హ్యూ మక్‌ఫెయిల్ శవం ఆర్డ్ సరస్సు ఒడ్డున దొరికింది. గొంతు ఈ చెవి నుంచి ఆ చెవి దాకా తెగి ఉంది. గడ్డకట్టిన సరస్సు మీద బరువైన రాళ్ళు జార్చే కర్లింగ్ పోటీలో, రెన్నీ అన్నదమ్ముల ఎదుటి జట్టులో ఆఖరి రాయి వేయాల్సినవాడు అతనే.

"పోటీ ఆపితే హంతకుడు జారుకుంటాడు, ఏజెంట్ రెన్నీ," అన్నాడు కర్నల్ డన్‌బార్, మటన్ కూరిన రొట్టె నములుతూ. "ముఠా వైర్‌లెస్ సందేశం పట్టుకున్నాం. బాంబు ఓ కర్లింగ్ రాయిలో ఉంది. ఇంకో రాయిని గుద్దితే పేలుతుంది. ఇక్కడి రాళ్ళన్నీ విప్పి చూశాం, ఏమీ లేదు. ఆట మధ్యలో తెస్తారు. వాళ్ళ గురి మీ అన్నయ్య."

 ఎవాన్ రెన్నీ అన్నయ్య అలస్టర్ జలాంతర్గాముల ఇంజనీరు. విదేశీ ముఠా అతన్ని కొనలేక చంపాలని చూస్తోంది. అతనేమో చావనైనా చస్తాడు గానీ, సరస్సు గడ్డకట్టిన రోజున ఆట మానడు.

"ఎదుటి జట్టులో మన మనిషి ఉంది," అన్నాడు కర్నల్. "కర్స్టీ లిండోర్స్. ఐదో ఏటి నుంచి ఆడుతోందట."

కర్స్టీని చూస్తే ఎవరికైనా చలి మరుపొస్తుంది. ఆమె ఎర్ర గ్లవ్స్ తొడుక్కుంటూ ఎవాన్ చెవిలో ఊదింది. "మక్‌ఫెయిల్ బదులు వచ్చిన కెనడావాడు, వెర్న్ హార్లక్. వాడే."

ఆట చివరికొచ్చేసరికి ఎవాన్ హార్లక్‌ని గట్టున ఉన్న షెడ్డులోకి ఈడ్చాడు. మొదటి గుద్దుకి పళ్ళు రాలాయి. రెండోదానికి అతని కుడి మణికట్టు విరిగింది.

"రాయి ఎక్కడ్రా?"

"ఏ రాయి? గోధుమలు పండించుకునేవాణ్ణయ్యా నేను!"

అతని సంచిలో మేజోళ్ళు, సగం తిన్న బన్ను తప్ప ఏమీ లేవు.

ఎవాన్ బయటికొచ్చాడు. కర్స్టీ జారుతున్న తన జట్టు రాయి ముందు, దారి నునుపు చేస్తూ, చీపురుతో మంచు ఊడుస్తోంది. చీపురు అంచు రాయికి తగిలింది. ఆమె చటుక్కున అటూ ఇటూ చూసి, ఏమీ ఎరగనట్టు ఊడుస్తూ పోయింది.

 చీపురు తగిలితే దాన్ని కాలిన రాయి అంటారు. తగిలించినవాడే చెయ్యెత్తి చెప్పుకుంటాడు. ఆట పోయినా సరే! ఈ గడ్డ మీద ఆడి పెరిగినవాళ్ళెవరూ అది దాచరు. ఐదో ఏటి నుంచి ఆడుతోందట, పచ్చి అబద్ధం.

"హార్లక్ రాలేడు, ఆఖరి రాయి నేను వేస్తా," అంటోంది కర్స్టీ. మక్‌ఫెయిల్‌ని చంపినా దక్కని ఆ అవకాశం ఆమెకి ఇచ్చింది ఎవాన్ పిడికిలే. ఆమె గట్టున కప్పి ఉంచిన శాలువా కింద నుంచి ఓ రాయి లాగి మంచు మీద జార్చేసింది.

దూరంగా, మంచు మీద గురికోసం గీసిన, ఇల్లు అని పిలిచే వలయాల్లో, నడిమధ్య రాయి పక్కనే అన్నయ్య నిలబడి ఉన్నాడు.

"తప్పుకో అన్నయ్యా!"

అలస్టర్ చెవికి ఎక్కలేదు. ఊడిస్తే రాయి వంపు తిరగకుండా దూరం పోతుంది. ఎవాన్ చీపురు అందుకుని రాయి ముందు పడి పిచ్చివాడిలా ఊడ్చాడు. కర్స్టీ పిస్తోలు పేలింది. భుజం చీలి నెత్తురు మంచు మీద చిమ్మింది. చెయ్యి ఆపలేదు. రాయి నడిమధ్య రాయిని వెంట్రుకవాసిలో దాటి, ఇల్లు దాటి, అవతలి గట్టు బండని గుద్దింది.

సరస్సు దద్దరిల్లింది. మంచుముక్కలు వానలా కురిశాయి.

కర్స్టీ మళ్ళీ గురిపెట్టింది. షెడ్డు వైపు నుంచి ఓ రాయి దూసుకొచ్చి ఆమె చీలమండలు ఫట్‌మనిపించింది. పడటంలో పిస్తోలు పేలి గుండు ఆమె గొంతులోనే దిగింది.

వేసింది హార్లక్, ఎడమచేత్తో.

అలస్టర్ తమ్ముణ్ణి వాటేసుకుని ఏడ్చేశాడు. "ఒరేయ్, నన్ను బతికించావురా!"

ఎవాన్ బాగున్న చెయ్యి పైకెత్తాడు. "అన్నయ్యా... నా చీపురు రాయికి తగిలింది. అసలు అది వాళ్ళ రాయి, నేను ఊడవనే కూడదు."

అలస్టర్ కళ్ళు తుడుచుకున్నాడు. నిట్టూర్చి, టోపీ తీసి, హార్లక్ ముందుకెళ్ళి చెయ్యి చాచాడు. "మీరే గెలిచారండీ. మా ఆనవాయితీ తెలుసుగా? గెలిచినవాళ్ళే ఓడినవాళ్ళకి విస్కీ పోయించాలి."

హార్లక్ నెత్తురు ఉమ్మాడు. "పళ్ళూ నావే పోయాయి, విస్కీ ఖర్చూ నాదేనా!"