పునరుక్తి నేరం

ఉదయం ఎనిమిదీ పది కల్లా రెండువందల ఆరు కవితలు వచ్చి పడ్డాయి. హైమావతి ఒక్కొక్కదాన్నీ తెరిచి, పొడవు చూసి, పచ్చ మీట నొక్కి శ్రోతలు చెవిలో పెట్టుకుని వినే చెవిపూసల్లోకి పంపేస్తోంది. చదవడం ఆమె పని కాదు. తెనాలి దినకవన కేంద్రంలో వరుసపాలకులు కవితలు చదవకూడదని రాతపూర్వకంగానే ఉంది. చదివితే ఆలస్యమవుతుంది, ఆలస్యమైతే అరవైవేల చెవిపూసలు మూగబోతాయి. కవి రోజూ కొత్తది రాయాలి, శ్రోత రోజూ కొత్తది వినాలి. ఒకసారి విన్న కవిత నిల్వ కొట్టులోకి పోతుంది, మళ్లీ ఎవరికీ వినపడదు. అలా అయితేనే రేపటిదాని మీద ఆశ ఉంటుందట. ఎవరు కనిపెట్టారో గాని, మహానుభావుడు!

మొదట్లో మంచి ఉద్దేశంతోనే పెట్టారు. రోజూ నాలుగు పంక్తులు రాస్తే చెయ్యి తిరుగుతుంది, పదిమందికి వినిపిస్తే బెరుకు పోతుంది. ఇందులో తప్పేముంది? తొమ్మిదేళ్ల క్రితం హైమావతి కూడా అందుకే చేరింది. ఆ తరువాత, ఎవరు చేరిన రోజు నుంచి వారికి లెక్కగట్టి, వరుస అనేదొకటి తెచ్చిపెట్టారు. మధ్యాహ్నం పన్నెండులోగా ఆ రోజు కవిత అందకపోతే వరుస తెగుతుంది. వరుస తెగిన కవి గొంతును చెవిపూసల్లోంచి తీసేస్తారు, అంతకుముందు రాసినవన్నీ కొట్టులోంచి చెరిపేస్తారు. దాంతో జనం జ్వరంలో రాశారు, పెళ్లిపీటల మీద రాశారు, ఇంట్లో శవాన్ని పెట్టుకుని కూడా రాశారు. ఏమీ తోచని రోజున వాన మీద రాశారు. ఈ ఏడాది తెనాలిలో చినుకు పడలేదు గాని, వాన కవితలు మాత్రం పదకొండువేలు. సిగ్గుండక్కర్లా!

రెండువందల ఏడోది ఎర్రబడింది. తెర మీద అక్షరాలు వచ్చాయి.

"పునరుక్తి. కవి దావీదు, కాలువ లాకుల దగ్గర గేట్లు ఎత్తి దించే లస్కరు. వరుస నాలుగువేల నూటరెండు రోజులు. నిన్నటి కవితనే నేడు సమర్పించాడు. వరుస తెంచడానికి పాలకురాలు వేలిముద్ర వేయాలి."

పదకొండేళ్ల వరుస! హైమావతి వేలు వెనక్కి తీసుకుని వెంటనే దావీదుకు ఫోన్ కలిపింది.

"దావీదుగారూ, పొరపాటున నిన్నటిదే పెట్టారు. పన్నెండు దాకా టైముంది. ఏదో ఒకటి గీకి పంపండి."

అటువైపు లాకుల దగ్గర నీళ్ల హోరు. "పొరపాటేం కాదమ్మా. తెలిసే పెట్టా."

"తెలిసే పెట్టారా! వరుస తెగుద్దని తెలీదా మీకు?"

"తెలుసు. శాంతమ్మ అడిగిందమ్మా. మా ఏసుపాదం భార్య. నాతో పనిచేసేవాడు, పోయినేడు గేటు దించబోయి కాలవలో పడి పోయాడే, ఆయన. నిన్న ఆ కవిత చెవిపూసలో విని ఎర్రటి ఎండలో నడుచుకుంటా లాకుల కాడికొచ్చింది. 'అన్నయ్యా, ఆయన్ని తలుచుకున్నోడివి నువ్వొక్కడివే. ఊరంతా ఇంకోసారి వినాల' అంది."

"ఆమెకి మీరే చదివి వినిపించొచ్చుగా?"

"మూడుసార్లు వినిపించా. ఆమెకి కాదంట, ఊరికంట. తెనాలోళ్లం గదమ్మా! మా తాత నాటకాల్లో హార్మోనియం వాయించేవాడు. స్టేజి మీద చచ్చి పడున్నోడు కూడా, జనం వన్స్ మోర్ అన్నారంటే లేచి కూకుని పద్యం ఎత్తుకునేవాడంట. పాడేసి మళ్లీ చచ్చేవాడు. అడిగినాక పాడకపోతే ఆడేం ఆర్టిస్టు?"

"నాలుగువేల కవితలు చెరిపేస్తారండీ!"

"చెరపనీ. సగం నాకే గుర్తు లేవు. ఇదొక్కటే ఒకరు కావాలని అడిగింది."

ఫోన్ పెట్టేశాక హైమావతి చేయకూడని పని చేసింది. ఆ కవిత తెరిచి చదివింది.

"ఏసుపాదం, ఇవాళ కూడా గేజి చూసి
ఏడడుగుల మూడంగుళాలని రాశాను.
నువ్వు పడిన రోజునా అంతే రాశాను.
మనిషి మునిగినా ఒక్క గీత పెరగలేదు.
అప్పటినుంచీ ఎవరైనా
కాలువ లోతెంత అని అడిగితే
చెప్పలేకపోతున్నాను."

ఇంకోసారి చదివింది. తను రాసిన మూడువేల మూడువందల కవితల్లో ఒక్క పంక్తి గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించింది. ఒక్కటీ రాలేదు. ఏడుపు రావలసిన చోట కోపం ముంచుకొచ్చింది. నిన్న ఈ కవితను కూడా ఇదే కుర్చీలో కూర్చుని, పొడవు చూసి పంపేసింది తనే కదా!

పై కేంద్రంలో పర్యవేక్షకుడు ఫణీంద్రకు ఫోన్ చేసింది.

"ఇందులో మాట్లాడేదేముంది మేడమ్?" అన్నాడతను. "పునరుక్తి అంటే పునరుక్తే. వేలిముద్ర వేసేయండి."

"ఆ కవిత మీరు విన్నారా?"

"రోజుకి రెండు లక్షల కవితలు. నేను వినడమేంటండీ?"

"మరి ఒక మనిషి విని, మళ్లీ కావాలని అడిగింది. అడిగితే నేరమా?"

"నచ్చితే మెచ్చు మీట ఉందిగా, నొక్కుకోమనండి. మళ్లీ అడగడానికి మీట లేదు. రోజూ రాయించడం మన బాధ్యత."

"రాయిస్తున్నాం సరే. ఒక్కటైనా నిలవనిస్తున్నామా? అంట్లు తోమించినట్టు రాయించి, కడిగి బోర్లిస్తున్నాం!" అని ఠక్కున పెట్టేసింది.

పంపడానికి కాచుకుని ఉన్న వాన కవితలన్నిటినీ ఆపేసి, దావీదు కవితను అరవైవేల చెవిపూసల్లోకి వదిలింది. అది అయిపోగానే మైకు తనవైపు తిప్పుకుంది.

"ఇది మీరు నిన్న విన్నదే. ఒకరు అడిగారు, అందుకని మళ్లీ వినిపించాం. కవులకు ఒక మాట. ఇవాళ కొత్తది రాయబుద్ధి కాకపోతే రాయొద్దు. మీరు రాసినవాటిలో మళ్లీ వినాలని ఎవరైనా అడిగింది ఉంటే, అది పంపండి."

పది నిమిషాలు ఏమీ రాలేదు. అందరి వరుసలూ పణంగా పెట్టమన్నానే అనుకుంది. ఆ తరువాత ఒకటి ఎర్రబడింది. కొల్లూరులో టైలరు రాసిన ఆరేళ్లనాటి కవిత. వెనకే ఇంకొకటి. పదిన్నరకు నలభై, పదకొండుకు నూట డెబ్భై. హైమావతి ఒక్కొక్కదాన్నీ మొదటి నుంచి చివరి దాకా చదివి మరీ పంపింది.

ఈలోగా ఫోన్ మోగింది. "అమ్మా, నేను ఏసుపాదం ఇంటిదాన్ని. మార్కెట్లో ఉన్నా. దావీదన్నయ్య కవిత విని ఇక్కడ బేరాలన్నీ ఆగిపోయినయ్. ఆయన్ని ఎరగనోళ్లు కూడా ఆయన పేరు చెప్పుకుంటున్నారమ్మా."

పన్నెండు కొట్టింది. తెర మీద మళ్లీ అక్షరాలు వచ్చాయి. "పునరుక్తులు మూడువందల పదకొండు. పాలకురాలి కవిత అందలేదు. మొత్తం మూడువందల పన్నెండు వరుసలు తెంచడానికి వేలిముద్ర వేయాలి."

మరుక్షణం ఫణీంద్ర ఫోన్. "మేడమ్, వేలు పెట్టండి! మీరు వేస్తేగాని ఇవాళ్టి లెక్క ముగియదు, అది ముగిస్తేగాని రాష్ట్రంలో రేపటి వరుస తెరుచుకోదు. అంతా మీ దగ్గరే ఆగిపోయింది!"

హైమావతి రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంది.

"ఆగనివ్వండి," అంది. "ఈ మూడువందల పదకొండూ కూర్చుని వినండి ఫణీంద్రగారూ. విన్నాక కూడా తెంచాలనిపిస్తే, మీరే వచ్చి మీ వేలు పెట్టండి. నా వేలు మాత్రం పడదు."