వడిసెల పట్టిన చెయ్యి

పిల్లలూ, జొన్నచేలు తప్ప వేరే సిరి ఎరుగని కంకణగిరి రాజ్యానికి ఒకసారి పెద్ద ఆపద వచ్చిపడింది. కరాళుడనే మాంత్రికుడు దండం ఎత్తితే చాలు, దాని కొనన ఉన్న ఎర్రమణి మెరిసి ఎదుటివారి ఒళ్ళు సగం చచ్చుబడేది. రాజు చచ్చుబడి మంచాన పడ్డాడు, సేనా అలాగే కూలబడింది. కోట కావలివాడు సిద్దప్ప కూతురు పొన్నారి మంచె మీదినుంచి వడిసెలతో రాయి విసిరింది. అది మాంత్రికుడి చెవిని కోసుకుపోయింది. వెంటనే మణి మెరిసింది. పొన్నారి కుడిచెయ్యి వేలాడిపోయింది. అడ్డం వచ్చిన సిద్దప్పకు కాలూ, మాటా పడిపోయాయి. కరాళుడు పగలబడి నవ్వాడు.

“ఆ మణి పగలగొట్టకపోతే నేను మా నాన్న కూతుర్నే కాను” అని పొన్నారి అడవిదారి పట్టింది.

అక్కడి గుహలో మాటలు వచ్చిన ముసలి ఎలుగుబంటి ఉండేది. ఆ మణి దెబ్బ తిని మళ్ళీ లేచింది అదొక్కటే.

“అవ్వా, మందియ్యి.”

“మందా! చెయ్యి చావలేదే పిల్లా, పని మరిచింది. దానికి పని చెప్పాలి.” ఎలుగుబంటి ఆమె ఎడమచేతిని తీగతో నడుముకు కట్టేసింది. “ఆకలైతే ఆ చేత్తోనే తిను.”

రేగుపండ్లు జారిపోయాయి. దొన్నెలో నీళ్ళు ఒళ్ళో ఒలికాయి. ఏడుపు వచ్చినప్పుడల్లా పొన్నారి కరాళుడి నవ్వును తలచుకుని మళ్ళీ చెయ్యి చాచేది. వానలు పోయి మంచు పడే వేళకు వేళ్ళు ముడుచుకున్నాయి. తరువాత వాటి మధ్య వడిసెల తాడు నిలిచింది. ఒకే బండ మీద నిలబడి, ఒకే మొద్దును కొట్టీ కొట్టీ, గురి తప్పని రోజు వచ్చింది.

“వస్తానవ్వా. వాడి పని పడతా!”

ఎలుగుబంటి వాలులో ఒక గుమ్మడికాయను దొర్లించింది. “ముందు దీని పని పట్టు.”

రాయి ఎక్కడో పొదలో పడింది.

“వాడు మొద్దులా నిలబడతాడనుకున్నావా?”

పొన్నారికి తల కొట్టేసినట్టయింది. అప్పటినుంచి పరుగెత్తుతూ, చెట్టెక్కి, ఎదురుగాలిలో, చేతికందిన రాయితో విసిరింది. “తగిలిందా అవ్వా?” అంటే ఎలుగుబంటి కళ్ళు మూసుకునేది. “విసిరినదానివి, నువ్వే చెప్పు.” అలసిపోతే మాత్రం గదమాయించి పడుకోబెట్టేది.

చివరికి కోట ముంగిట కరాళుడు ఎదురయ్యాడు.

“ఆ చచ్చు చేత్తో ఏం చేస్తావే?” అంటూ సుడిగాలిలా తిరగసాగాడు. పొన్నారి అతడితోపాటే పరుగెత్తుతూ వడిసెల విసిరింది. మణి ముక్కలైంది. దానిలోని నిప్పురవ్వ అతడి కుడిభుజం మీదే పడింది. చెయ్యి వేలాడిపోయింది.

మాయ వీడినా అందరి కాళ్ళూ చేతులూ పని మరిచే ఉన్నాయి. రాజు పొన్నారిని సేనానిని చేసి, అందరికీ నేర్పమన్నాడు. వేసవి వచ్చేసరికి సిద్దప్ప కోట తలుపు తానే తీసి, “పొన్నీ!” అని పిలిచాడు.

కరాళుడు ఆమె కాళ్ళ మీద పడ్డాడు. “తల్లీ, నా చేతికి మందు లేదా?”

“లేకేం!” అని పొన్నారి నవ్వుతూ తీగ తెచ్చింది. అతడి ఎడమచేతిని నడుముకు కట్టి, ఊరందరి ముందు జావగిన్నె పెట్టింది. “తాగు. ఒలికితే మళ్ళీ పోస్తాం.”

ముడి మాత్రం కాస్త గట్టిగానే వేసింది.